గాజుగోలీల పుట్టుమచ్చ



ఈ శీర్షికలో ఇంతవరకు ఇత్తడి పాత్రలను గూర్చియు, పాత పట్టుచీరెల అంచులను గూర్చియు, తాళపత్రములను పురుగు తినకుండ కాపాడు విధమును గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసము గోలీలను గూర్చి వ్రాయబోవుచున్నానని చెప్పగా మా వారు నవ్విరి. పాఠశాలలో పాఠము జరుగుచుండగా పిల్లలవద్దనుండి పుచ్చుకొనిన గోలీలు ఆయన బల్లసొరుగులో ఎల్లప్పుడును నాలుగు గుప్పిళ్ళుండును. "బడిలోనే కాక ఇంటిలోను ఇవే గోలీలా?" అనిరి. కాని నాకు వచ్చిన జాబు చదివి వినిపించిన పిమ్మట, ఆ సొరుగులోనివన్నియు తామే తెచ్చి నా ముందు పళ్ళెములో పోసిరి. పోల్చి చూచుటకు అవి నాకెంతయో ఉపకరించినవి.

ఆ జాబు అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున కాపురమున్న ఒక తెలుగు సోదరి వ్రాసినది. ఆమె పొరుగింట ఎనుబది యేండ్ల వృద్ధురాలొకతె ఒంటరిగా నున్నది. ఇల్లు అమ్మివేసి కుమార్తె యున్న ఊరికి పోవ నిశ్చయించి, సామాను సర్దుటకు మన సోదరి సాయము కోరినది. అటుకమీద ఒక రేకుడబ్బాలో నలుబదిమూడు గోలీలు దొరికినవి. కొన్ని ఆమె తాతగారు చిన్ననాడు ఆడుకొన్నవట. తక్కినవి తరువాతి తరముల పిల్లలు చేర్చినవట. పాతసామానుల వర్తకుడొకడు వచ్చి, డబ్బా మొత్తమునకు ఒక్క ధర చెప్పి, ఆ పూటనే తేల్చుమనెను. మనుమడేమో ముందుగా సానపట్టించి మెరుగు పెట్టించినచో హెచ్చు ధర వచ్చునని చెప్పెను. "అక్కయ్యగారూ, ఆమె నన్ను నమ్మి అడుగుచున్నది. వీధిలో ఆడిన ఆట తప్ప గోలీలను గూర్చి నాకేమి తెలియును? అమ్ముమన్నను, వద్దన్నను, నా మాటవలన ఆమె నష్టపడునేమోయని రాత్రి నిద్రపట్టలేదు" అని ఆ సోదరి వ్రాసినది.

వర్తకుని కొన్ని దినములు గడువడుగుమనియు, సాన మాట తలపెట్టనే వద్దనియు వెంటనే జవాబిచ్చితిని. ఒక్కొక్క గోలీని మూడువైపులనుండి, ప్రక్కన కొలబద్ద పెట్టి, పగటివెలుతురులో ఛాయాచిత్రములు తీసి పంపుమంటిని. నూటయిరువదితొమ్మిది చిత్రములు వచ్చినవి. వానిని ముందుంచుకొని ఆమెకు వ్రాసిన సంగతులనే ఇచ్చట మీకందరికిని వ్రాయుచున్నాను. మన ఆడుపడుచులును కోడండ్రును నేడు ఆ దేశములలో ఎందరో కాపురములు చేయుచున్నారు. అచటి పాత ఇండ్లలోను, వారాంతముల సంతలలోను ఇట్టి డబ్బాలు వారి కంటబడుచునే యుండును.

గోలీని పోల్చవలెనన్న అది ఎట్లు పుట్టినదో మొదట తెలియవలెను. జర్మనీదేశమున తురింగియా కొండయడవులలో లౌషా అను చిన్న ఊరు కలదు. 1597వ సంవత్సరమున హాన్స్ గ్రైనర్, క్రిస్టోఫ్ ముల్లర్ అను ఇద్దరచట గాజుకొలిమి నెలకొల్పిరి. నాటినుండి ఆ యూరివారికి గాజే పంట, గాజే పాడి. 1835లో లుడ్విగ్ ముల్లర్-ఊరి అనునతడచట మనుష్యులకు అమర్చు గాజుకన్నులు చేయ మొదలిడెను. క్రిస్మసు చెట్లకు వ్రేలాడగట్టు గాజుబుడ్డలును ఆ యూరివే. మగవారు దీపపుజ్వాలపై బుడ్డలూదగా, ఆడువారును పిల్లలును లోపల వెండిపూత పోసి పైన రంగులు దిద్దుచుండిరి. 1840కిని 1850కిని నడుమ ఆ యూరి పనివారు గోలీలకై ప్రత్యేకముగా ఒక కత్తెర కల్పించిరి. అది చూచుటకు పటకారువలె నుండును. ఒక కొమ్మకు చిన్న గిన్నె, రెండవ కొమ్మకు కోయు అంచు. ఆ కత్తెరతోడనే గాజుగోలీ వేలకొలది లక్షలకొలది తయారై దేశాంతరములకు పోసాగెను.

తీర్థములలో జీళ్ళవాడు పని చేయుట మీరందరు చూచియే యుందురు. పాకము ముదిరిన బెల్లమును కొయ్యకు తగిలించి సాగదీయును, మడచును, మరల సాగదీయును. తుదకు త్రాడువలె మెలిపెట్టి వెచ్చగా నుండగనే ముక్కలు కోయును. గాజుగోలీ పుట్టుకయు అట్టిదే. పనివాడు ఇనుపకమ్మి చివర కరగిన గాజుముద్దను తీయును. లోపల గాళ్ళుగల అచ్చులో సన్నని రంగుగాజు పుల్లలను నిలువుగా పేర్చి, ఆ ముద్దనందులో దింపును. పుల్లలన్నియు దానికంటుకొనును. దానిపై స్వచ్ఛమైన గాజును మరియొక పొరగా ఎక్కించును. కావలసినచో ఆ పొరమీద మరికొన్ని రంగుచారలు చేర్చును. అప్పుడు దానిని సాగదీయుచు మెలిపెట్టగా లోపలి చారలన్నియు జడపాయలవలె తిరుగును. అట్లు తయారైన కడ్డీ కొనను కత్తెరగిన్నెలో నుంచి త్రిప్పుచు గుండ్రముగా చేసి, తటాలున కోయును. ఒక గోలీ పడినది. కడ్డీ మరికొంచెము వేడిచేసి మరల అదేపని.

మీరిప్పుడు జీడి చివరలను తలచుకొనుడు. కోసినచోట చిన్న మొనయో, మెలికయో, గరుకో మిగులును గదా. గాజుగోలీకిని అట్లే రెండు కొనలయందు తెగిన గుర్తు మిగులును. సేకర్తలు దీనిని పాంటిల్ అందురు. మనము కొనమచ్చ యని చెప్పుకొందము. కొందరు పనివారు దానినట్లే విడిచిరి. తాకినచో వ్రేలికి గరగరలాడును. కొందరు మరల నిప్పు చూపి కరగించి మెత్తపరచిరి. అచట చిన్న గుంటవంటి మడత కనబడును. కొందరు చక్రముమీద అరగదీసిరి. అచట పావలాకాసు నేలమీద పెట్టినట్లు చదునుగా నుండును, లేదా చిన్నచిన్న పలకలుగా నుండును. ఏ విధముగ చేసినను చూడనేర్చిన కంటికి అచట పని జరిగినదని తెలియును. ఒక్క కొనయందే మచ్చ యున్న గోలీలును కలవు. అవి కడ్డీలో తుదిముక్కలైనను కావచ్చును, కడ్డీ లాగకుండ ఒక్కొక్కటిగా కమ్మిమీద చేసినవైనను కావచ్చును.

మనకిది క్రొత్తసంగతి కాదు. ఫిరోజాబాదు గాజులు తొడుగుకొనునపుడు మీరెప్పుడైన వ్రేలితో చుట్టును తడవి చూచితిరా? కరగిన గాజును తిరుగుచున్న కడ్డీమీద తీగవలె చుట్టి, ఆ చుట్టలను నిలువున కోసి, ఒక్కొక్క గాజు రెండు కొనలను దీపముమీద అతికింతురు. ఆ అతుకు ఎంత నేర్పుగా చేసినను వ్రేలికి తగులును. అమ్మమ్మలు గాజులు కొనునపుడు అతుకు తడవిన పిదపనే బేరమాడుచుండిరి. గోలీ విషయమునను మొదట తడవవలసినదదే, రంగు కాదు. సోదరి పంపిన మొదటి చిత్రములన్నియు రంగులు బాగుగ కనబడునట్లు తీసినవే. కొనలు చూపుచు మరల తీయుమని వ్రాయవలసి వచ్చినది.

కొనమచ్చ చూచిన పిదప లోపలి అల్లికను చూడవలెను. చేతిగోలీలో చారలన్నియు ఒక మచ్చవద్ద పుట్టి, మెలితిరుగుచు పోయి, రెండవ మచ్చవద్ద ముడివడును. నడిమిదిండు తెల్లని లేక పసుపుపచ్చని సన్నదారములతో వలవలె అల్లినట్లుండునది ఒక రకము. చేతిగోలీలలో తరచుగా దొరకునది ఇదే. దిండు మూడు నాలుగు పాయలుగా విడివడి నడుమ ఖాళీగానున్నది వేరొకటి. ఒకే వెడల్పుపట్టెడ నిలువున మెలితిరిగినది ఇంకొకటి. ఉల్లిపొర యని పేరుగలవి మరియు చక్కనివి. గాజుముద్దను రంగుగాజు నలుసులలో పొరలించి సాగదీయగా, నలుసులన్నియు సాగి ఉల్లిపాయమీది ఈనెలవలె చుట్టును అలముకొనును. కొన్నిటిలో అభ్రకపు రేకులు చల్లుదురు. మన గూడూరు ప్రాంతపు గనులవద్ద ఎండలో తళతళలాడు అభ్రకమును చూచినవారికి ఆ మెరుపు వెంటనే పోల్చవచ్చును.

నల్లని గాజుమీద రంగుచారలు గల గోలీలను సేకర్తలు 'ఇండియన్' అందురు. పేరు విని మన దేశపువని మురిసిపోరాదు, అవియు జర్మనీవే. ఇంకొక పేరును ఇట్లే త్రోవ తప్పించును. బంగారు రజను చల్లినట్లు మెరయు చారలుగల గోలీలకు 'లుట్జ్' అని పేరు. నికొలాస్ లుట్జ్ అనునతడు అమెరికాలో బోస్టన్ అండ్ శాండ్‌విచ్ గాజుకర్మశాలలో పనిచేసిన గొప్ప పనివాడు. ఆయన చేసెనని యొకప్పుడు తలచి ఆ పేరు పెట్టిరి. అవి జర్మనీనుండి వచ్చినవే. ఆ రజను బంగారము కాదు. గాజులో పుట్టిన రాగి స్ఫటికములు. వెనిస్ నగరమువద్ద మురానో ద్వీపపు పనివారికి పదునేడవ శతాబ్దినాటికే ఆ గాజు చేయు నేర్పుండెను. బంగారము కాకున్నను, ఈ చారలుగల గోలీలకు నేడు వేలములలో మంచి గిరాకి కలదు.

ఇక సల్ఫైడు గోలీలు. పేరులో గంధకమున్నను లోపల గంధకము లేదు. స్వచ్ఛమైన గాజునడుమ తెల్లమట్టితో చేసిన చిన్నబొమ్మ యుండును. కుక్కయో, గొఱ్ఱెయో, సింహమో, పక్షియో. బొమ్మచుట్టును పలుచని గాలిపొర యుండుటచే అది వెండిపూత పూసినట్లు మెరయును. గోలీగాజు భూతద్దమువలె పనిచేయుటచే లోపలి బొమ్మ ఉన్నదానికంటె పెద్దదిగా కనబడును. ఇవి సాధారణముగా అంగుళమునకు పైబడినవి. జంతువులు ఎక్కువ, మనుష్యరూపములు తక్కువ. తెల్లగాజునకు బదులు రంగుగాజులో నున్నచో మరియు అరుదు. బొమ్మ సరిగా నడుమ నున్నదా, పగిలినదా, పెద్ద బుడగ దానిని కప్పినదా యని చూతురు. బుడగలు మాత్రము ఏ గాజునందైనను ఉండును. బుడగ కనబడగనే పాతదని చెప్పువారిని నమ్మవలదు.

చేతిగోలీకి పోటీ పుట్టినది మన సోదరి కాపురమున్న ఆ ఒహైయో రాష్ట్రముననే. అచట ఏక్రన్ నగరమున 1880 తరువాతి సంవత్సరములలో మట్టిగోలీలు విరివిగా చేయుచుండిరి. అదే నగరమున మార్టిన్ క్రిస్టెన్‌సెన్ అనునతడు గోళములు చేయు యంత్రమును కల్పించి 1905లో దానికి పేటెంటు పొందెను. పనివాడు గాజును కమ్మితో తీసి యంత్రముపై ధారగా వదలగా మరియొకడు కత్తిరించుచుండెను. గాళ్ళుగల చక్రములనడుమ పొరలి ఆ ముక్క తనంతట గుండ్రనగుచుండెను. అట్టి గోలీలో ఒక కొనయందు 9 అంకెవంటి సుడియు, రెండవకొన కత్తిరించిన చిన్న గీతయు కనబడును. ఆ కర్మశాల 1917వరకు నడచెను. అక్రో అగేట్ అను వేరొక సంస్థ 1911లో ఏక్రన్‌లోనే పుట్టి, 1914లో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గునకు తరలిపోయి, 1951వరకు పనిచేసెను. 1914లో యూరోపునందు యుద్ధము రేగగా జర్మనీ సరకు అమెరికాకు పోవుట ఆగిపోయెను. యుద్ధము ముగిసి త్రోవలు తెరచుకొనునాటికి యంత్రము అంగడిని ఆక్రమించెను. లౌషా చేతిగోలీకి పూర్వపు బ్రతుకు మరల రాలేదు. అందుచేతనే డబ్బాలోని జర్మనీ చేతిగోలీలు చాలవరకు 1914కు ముందువని చెప్పగలుగుచున్నాము.

యంత్రపుగోలీలో కొనమచ్చ యుండదు. గుండ్రదనము నిర్దుష్టముగా నుండును. చేతిగోలీ కొంచెము ఒంకరగా, కోడిగ్రుడ్డు పోలికగా, ఏదో ఒకవైపు నొక్కినట్లుండును. చదునైన పళ్ళెములో మెత్తని గుడ్డ పరచి మెల్లగా దొరలించి చూచిన తెలియును. మా వారి సొరుగులోని గోలీలన్నియు ఆ పళ్ళెములో తిన్నగా పరుగెత్తినవి, ఒక్కటియు తడబడలేదు.

మోసపుచ్చు గోలీలు కొన్ని కలవు. అందు మొదటిది పిల్లికన్ను. స్వచ్ఛమైన గాజునడుమ రంగురేకులు రెండో మూడో నిలువున విచ్చుకొని యుండును. మన పిల్లలు నేడు ఆడుకొనునవి ఎక్కువగా ఇవే. జపానునుండి ఇవి 1950 ప్రాంతమున అమెరికా అంగళ్ళను ముంచెత్తినవి. తరువాత ఎందరో చేయసాగిరి. రేకులను చూచి చేతిగోలీయని భ్రమపడువారు పెక్కుమంది. కాని ఈ రేకులు లోపలనే ఆగిపోవును, పైకి వచ్చి మచ్చలో ముడివడవు. రెండవది అక్రో సంస్థవారి మెలికగోలీ. రంగుపట్టెడ ఒక కొననుండి రెండవకొనవరకు మరవలె చుట్టుకొనిపోవుటచే చేతిపని యనిపించును. కొనలు తడవి చూచిన నున్నగా నుండును.

మూడవది మనకందరికిని చుట్టమే. ఆకుపచ్చచాయ గల గాజు, లోపల ఏ అల్లికయు లేదు. అది సోడాబుడ్డి గోలీ. ఇంగ్లాండులో హైరమ్ కాడ్ అనునతడు 1872నాటికి ఆ బుడ్డిని తీర్చిదిద్దెను. లోపలి వాయువు గోలీని మూతికి అదిమిపెట్టి మూతవలె పనిచేయును. బొటనవ్రేలితో నొక్కగనే కిర్రుమను ఆ చప్పుడు విని పరుగెత్తని పిల్లలు మన ఊళ్ళలో లేరు. ఆ దేశములలోను పిల్లలు బుడ్డి పగులగొట్టి గోలీ తీసికొనుచుండిరి. అందుచే పాతడబ్బాలో అవి తరచుగా నుండును. పాతవే కావచ్చును, కాని ఆటగోలీగా చేసినవి కావు.

నాలుగవదే కష్టమైనది. కొనమచ్చ యున్నంతమాత్రమున పాతదని చెప్పరాదు. ఇటీవలి యేబదియేండ్లలో అమెరికా మొదలగు దేశములలో ఎందరో కళాకారులు చేతితో గోలీలు చేయుచున్నారు. పాత జర్మనీ అల్లికలను అనుసరించి చేయువారును కలరు. నిజాయితీ గల పనివారు మచ్చప్రక్కన తమ పొడియక్షరములు, సంవత్సరము చెక్కుదురు, భూతద్దముతో వెదకవలెను. చెక్కనివానిలో వాడుక చూడవలెను. నూరేండ్లు పిల్లల చేతులలో పొరలిన గోలీమీద సన్నని గీతలు చిక్కగా నుండును. ఒక గోలీ మరియొకదానిని కొట్టినచోట చిన్న నెలవంకవంటి చీలికలు లోపలికి దిగియుండును. ఏ గీతయు లేక అద్దమువలె మెరయుచున్న పాతగోలీని చూచినపుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది క్రొత్తదా, లేక సానపట్టినదా?

సాన మాట వచ్చినది గనుక దానిని కొంచెము నిలిచి చెప్పవలెను. సానపట్టుట యనగా పైపొర తీసివేయుట. దెబ్బలు పోవును, నిజమే. వానితోడనే కొనమచ్చయు అరిగిపోవును, లేదా రూపుమారును. పైన వేసిన రంగుచారలు పలుచబడును. గోలీ ఒక నూలువాసి చిన్నదగును. ఏ మచ్చవలన అది చేతిపనియని నిర్ణయింతుమో ఆ మచ్చనే చెరిపి, ఇప్పుడు ధర చెప్పుడని తెచ్చుట, పాతపత్రముమీది వ్రేలిముద్ర కడిగి దస్తావేజు చూపుటవంటిది. సానపట్టిన గోలీకి సేకర్తలు ధర తగ్గింతురు. దెబ్బతిన్నను దాని పైపొర దానికున్న గోలీకే మర్యాద. ఈ సంగతి తెలిసికూడ మెరుగు పెట్టి 'ఎప్పుడో చేసినది, ఇప్పటికి ఇట్లున్నది' అని అమ్మువారున్నారు. వారిని గూర్చి నాకు మంచిమాట రాదు.

ఇక మన సోదరి డబ్బాలోని లెక్క. నలుబదిమూడింటిలో తొమ్మిది మట్టిగోలీలు. ఇరువదిమూడు యంత్రపువి, అందు పదునొకండు పిల్లికన్నులు. రెండు సోడాగోలీలు. ఒకటి నునుపైన ఎఱ్ఱరాయి. దానిమీద సానరాతిపై అరగదీసిన చిన్నచిన్న పలకలు కనబడినవి, అనగా అది గాజు కాదు, చేతితో అరగదీసిన అగేటురాయి. జర్మనీలో ఈదార్-ఓబెర్‌స్టయిన్ అను చోట అట్టివి చేయుచుండిరి. మిగిలినవి ఎనిమిదింటికి కొనమచ్చలున్నవి. వానిలో ఒకటి క్రొత్తది. మచ్చప్రక్కన రెండక్షరములు, 1994 అను అంకెలు చెక్కియున్నవి. కాగా ఏడు నిలిచినవి: వల అల్లినవి నాలుగు, ఉల్లిపొర ఒకటి, గొఱ్ఱెబొమ్మ గలది ఒకటి, ఏడవది రాగిరజను చారలది.

ఆ ఏడవదే మన సోదరి మిగిలినవానిలో కలిపి ఒక మూలకు నెట్టినది. అది మాసి, ఒకవైపు గోరంత పెచ్చు ఊడి, గచ్చుకాయవలె నున్నది. వర్తకుడును దానిని చేతబట్టి వెలుతురుకెత్తి చూచి, పగిలినదని డబ్బాలో పడవేసెనట. పగిలినదానిని అంతసేపు వెలుతురుకెత్తి చూచుటయేలనో ఆయనకే తెలియును. ఆమెకు మిక్కిలి నచ్చినది ఎఱుపు పసుపు కలిసి నిగనిగలాడుచున్న పెద్దగోలీ, అది యంత్రపుగోలీ. ఆ వృద్ధురాలికి ఉన్నది ఉన్నట్లు రెండువైపులను చెప్పవలెనని వ్రాసితిని. ఏడు మంచివున్నవని చెప్పుటతోడనే ముప్పదియారు సామాన్యమైనవని కూడ చెప్పవలెను గదా. లేనియాస పెట్టుటయు నష్టమే. ఏడింటికే వేరుగా ధర చెప్పుమని అడుగగా వర్తకుడు మరల రాలేదట. ఆమె గొఱ్ఱెబొమ్మ గోలీని కుమార్తెకై ఉంచుకొని, మిగిలిన ఆరింటిని వేలమువారికి ఒక్కొక్కటి వేరుగా అమ్ముటకు ఒప్పగించినది. పిల్లికన్నులు మన సోదరి కుమారుని జేబులోనికి చేరినవి.

ఇట్టి డబ్బా మీచేతికి వచ్చినచో చేయవలసిన పనులు కొన్ని చెప్పి ముగింతును. డబ్బాను, సంచిని పారవేయవలదు. గోలీమీద ఊరుపేరు వ్రాయలేరు గదా. 1890లో అమెరికాలో చేసిన సుంకపు చట్టము పిదప దిగుమతి సరకుమీద పుట్టిన దేశపు పేరుండవలసి వచ్చెను. పాతపెట్టెమీద జర్మనీ అను మాట కనబడినచో అదియును సాక్ష్యమే. గోలీలను చింతపండుతోను బూడిదతోను తోమవలదు. అవి ఇత్తడిచెంబులు కావు. గోరువెచ్చని నీటిలో ఒక చుక్క సబ్బు వేసి, ఒక్కొక్కదానిని వేరుగా ముంచి, మెత్తని నూలుగుడ్డతో అద్దవలెను. వేడినీరు తగిలినచో పాతచీలిక లోపలికి ప్రాకును. బొమ్మగోలీలకు ఆ భయము మరియు హెచ్చు. తడి ఆరిన పిదప ఒక్కొక్కదానిని దూదిలో చుట్టి, ఒకటి మరియొకదానికి తగులకుండ విడివిడిగా పెట్టవలెను. నగలపెట్టెలోని చిన్నగళ్ళు దీనికి చక్కగ సరిపోవును. ప్రతిదానికి కొలత, రకము, దెబ్బ యున్న చోటు ఒక చీటిమీద వ్రాసి ఉంచినచో, అమ్మునపుడు వర్తకుని మాటకు మారుమాట మీచేతిలో నుండును. కిటికీగట్టుమీద ఎండలో వరుసగా పేర్చుట చూచుటకు సొంపుగానుండును గాని, గాజుగోళము ఎండను ఒకచోటికి కూర్చును. తెరగుడ్డ అంటుకొన్న ఇండ్లున్నవి.

పాత జరీచీరెలో వెండి యున్నదా, రాగి యున్నదా తెలిసికొను విధము చెప్పుమని ముగ్గురు సోదరీమణులు అడిగిరి. వచ్చుమాసము ఆ సంగతి.